కాగితం డిపాజిట్ బాండును ఎలక్ట్రానిక్ పత్రంగా మార్చుకోవడం: దక్షిణ ఒడిశా జిల్లాల తెలుగువారికి దరఖాస్తు విధానం

డిపాజిట్ బాండు అని మనం పిలిచే కాగితం నిజానికి రసీదు. సొమ్ము బ్యాంకు కంప్యూటరు లెక్కలో మీ పేరున ఉంటుంది, కాగితం దానికి గుర్తు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి రసీదులు ఇంకా చాలా ఉన్నాయి. కొన్నింటి మీద ఇప్పుడు లేని బ్యాంకుల పేర్లుంటాయి. కొన్ని చెమ్మకు అతుక్కుపోయి ఉంటాయి. మరికొన్నింటి మీద పేరు ఒకలా, ఆధార్ మీద మరోలా ఉంటుంది. ఇవన్నీ సరిచేసుకుని రసీదును ఎలక్ట్రానిక్ రూపంలోకి తెచ్చుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాం.

కౌంటరు దగ్గర మీరు అడగాల్సింది రసీదు రూపం మార్చమని మాత్రమే. డిపాజిట్ మూసేసి ఆన్‌లైన్‌లో కొత్తది తెరుద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎందుకో లెక్కలో చూడండి. 5 ఏళ్లకు 7.25 శాతం వడ్డీతో రూ.2,00,000 వేశారు, 3 ఏళ్లు గడిచాయి అనుకుందాం. మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడితే ఈపాటికి అది సుమారు రూ.2,48,109 అయి ఉండాలి. మధ్యలో మూస్తే బ్యాంకు 5 ఏళ్ల రేటు ఇవ్వదు. మీరు డబ్బు వేసిన రోజున 3 ఏళ్ల గడువుకు ఎంత రేటు ఉందో అది తీసుకుని, అందులోంచి జరిమానా తగ్గిస్తుంది. ఆ రేటు 6.75, జరిమానా 1 శాతం అయితే మీకు దక్కేది 5.75 శాతమే, అంటే సుమారు రూ.2,37,363. కాగితం మార్పు కోసం పదివేలకు పైగా పోయినట్టు. పైగా కొత్త డిపాజిట్‌కు ఈ రోజు రేటే వర్తిస్తుంది. గడువు తీరే రోజు దగ్గరలోనే ఉంటే అప్పటిదాకా ఆగి, రెన్యువల్ చేసేటప్పుడే ఎలక్ట్రానిక్ రూపం అడగడం అన్నిటికన్నా సులువు. గడువుకు మూడు నాలుగు వారాల ముందే అలా కోరుతూ లేఖ ఇచ్చి ఉంచండి.

దీనికి ప్రభుత్వం పెట్టిన ఉమ్మడి ఫారం లేదు. ప్రతి బ్యాంకుకూ తన సొంత ఫారమో, తెల్లకాగితం మీద లేఖో సరిపోతుంది. కౌంటరులో దీన్ని ఈ-ఎఫ్‌డీఆర్ అంటారు, కొన్నిచోట్ల ఈ-అడ్వైస్ అంటారు, స్టేట్ బ్యాంకులో ఆన్‌లైన్ డిపాజిట్‌ను ఈ-టీడీఆర్ అంటారు. ఒడిశా ప్రభుత్వ సేవలందించే మో సేవా కేంద్రంలో ఈ పని జరగదు. బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే ప్రతినిధి) దగ్గర కేవైసీ (ఖాతాదారు గుర్తింపు, చిరునామా వివరాలు) నవీకరణకు రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో వీలు కల్పించింది కాబట్టి ఆ ఒక్క మెట్టు ఊళ్లోనే అయిపోవచ్చు. రసీదు మార్పుకు మాత్రం బ్రాంచికి వెళ్లాలి. షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా కూడా అవసరం లేదు. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను డీమ్యాట్ చేయిస్తామని ఫీజు అడిగేవాళ్లను దగ్గరకు రానీయకండి.

బ్యాంకు పేరు మారిపోయి ఉంటే

ఆంధ్రా బ్యాంకు గంజాం, గజపతి జిల్లాలకు లీడ్ బ్యాంకుగా, అంటే జిల్లాలో బ్యాంకు సేవలను సమన్వయం చేసే బ్యాంకుగా ఉండేది. అందుకే ఈ వైపు పాత రసీదుల్లో ఆ పేరు ఎక్కువగా కనబడుతుంది. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో, అలహాబాద్ బ్యాంకు ఇండియన్ బ్యాంకులో కలిశాయి. ఉత్కళ్ గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఒడిశా గ్రామీణ బ్యాంకు అయింది. సరిహద్దు దాటి పాతపట్నంలోనో పార్వతీపురంలోనో గ్రామీణ వికాస్ బ్యాంకులో వేసినవారికి అదే రోజు నుంచి బ్యాంకు పేరు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు.

విలీనం వల్ల డిపాజిట్‌కు నష్టం లేదు. ఒప్పుకున్న రేటు గడువు దాకా నడుస్తుంది. చిక్కంతా నంబర్లలో ఉంటుంది. రసీదు మీద ఉన్న పాత ఖాతా నంబరు కొత్త కంప్యూటర్లో వేరే నంబరుగా మారి ఉండవచ్చు. కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడు దరఖాస్తు ఇవ్వకండి, రసీదు నకలు చూపించి ‘ఇప్పటి ఖాతా నంబరు, ఇప్పటి గడువు తేదీ’ రాయించుకుని రండి. రెండోది ఇంకా ముఖ్యం. పాత రసీదు మీద గడువు 2019 అని ఉన్నా, ఆటో రెన్యువల్ పెట్టి ఉంటే డిపాజిట్ ఇప్పటికీ కొత్త గడువుతో నడుస్తూ ఉంటుంది. ఆటో రెన్యువల్ లేకపోతే మాత్రం 2021 జూలై నుంచి ఉన్న నిబంధన ప్రకారం, గడువు తీరాక ఊరికే పడి ఉన్న సొమ్ముకు పొదుపు ఖాతా రేటు, ఒప్పందపు రేటు, రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు.

పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్‌ను బ్యాంకు రిజర్వు బ్యాంకు దగ్గరి డిపాజిటర్ల నిధికి పంపేస్తుంది. అప్పుడైనా అది మీదే. తాతల నాటి రసీదు దొరికి, బ్రాంచిలో ఎవరికీ ఏమీ తెలియకపోతే ఎవరూ అడగని డిపాజిట్లను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో మొదలుపెట్టిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు వెతకండి. అందులో కనబడితే క్లెయిమ్ మాత్రం మళ్లీ బ్యాంకులోనే పెట్టుకోవాలి.

పేరు దగ్గరే సగం దరఖాస్తులు ఆగిపోతాయి

ఒడిశాలో మన పేర్లు ఒడియా ఉచ్చారణలోకి వెళ్లి, అక్కడి నుంచి ఇంగ్లిషులోకి వస్తాయి. ఆ దారిలో ‘వ’ కాస్తా ‘బ’ అవుతుంది. వెంకటరావు బెంకటరావుగా, విశ్వనాథం బిశ్వనాథ్‌గా, వాసుదేవరావు బాసుదేబరావుగా నమోదవుతారు. ఇంటిపేరు మనకు ముందుంటుంది, ఇక్కడి ఫారాల్లో చివర అడుగుతారు. రసీదు మీద ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డు మీద అదే పూర్తిగా విడగొట్టి ఉంటుంది. కాగితం మీద గుమస్తాకు మనిషి తెలుసు కాబట్టి ఇన్నాళ్లూ పని నడిచింది. ఎలక్ట్రానిక్ పత్రానికి మనిషి తెలియదు, అక్షరం కలవాలి.

ముందుగా ఆధార్, పాన్, పొదుపు ఖాతా పాస్‌బుక్, డిపాజిట్ రసీదు నాలుగూ బల్ల మీద పరిచి ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటీ సరిపోల్చండి. ఆధార్, పాన్ ఒకేలా ఉండి బ్యాంకు రికార్డు తేడాగా ఉంటే పని తేలిక. పేరు సవరణ ఫారం, రెండు కార్డుల నకళ్లు ఇస్తే బ్రాంచిలోనే సరిచేస్తారు. ఆధార్, పాన్ వేర్వేరుగా ఉంటే ముందు ఆ రెంటినీ కలపాలి. ఆధార్‌లో పేరు లేదా మొబైల్ నంబరు మార్పుకు కేంద్రంలో రూ.75 తీసుకుంటారు, 2025 అక్టోబరు నుంచి ఇదే రేటు. ఆ పని తేలకుండా డిపాజిట్ దరఖాస్తు పెడితే తిరిగొస్తుంది.

తెలుగులో సంతకం చేసేవారు అలాగే చేయవచ్చు. బ్యాంకు దగ్గరున్న నమూనా సంతకంతో కలిస్తే చాలు. ఇంగ్లిషు కాని సంతకానికి, ఫారంలోని విషయం చదివి వినిపించారన్న ధ్రువీకరణ మీద మరో సంతకం అడగవచ్చు. అది మామూలే. వేలిముద్ర వేసేవారికి ఇద్దరు సాక్షులు కావాలి. ఫారాలు ఒడియా, హిందీ, ఇంగ్లిషుల్లో ఉంటాయి, తెలుగులో ఉండవు. చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి.

కస్టమర్ ఐడీ, మొబైల్ నంబరు

మీ పొదుపు ఖాతా ఒక కస్టమర్ ఐడీ కింద, డిపాజిట్ ఇంకో ఐడీ కింద ఉండటం చాలా మామూలు. ఏళ్ల క్రితం డిపాజిట్ వేసినప్పుడు కొత్త మనిషిగా నమోదు చేసేసి ఉంటారు. ఇలా ఉంటే బ్యాంకు యాప్‌లో పొదుపు ఖాతా కనిపిస్తుంది, డిపాజిట్ మాత్రం కనిపించదు. డబ్బు పోయిందని కంగారుపడనక్కర్లేదు. రెండు ఐడీలనూ ఒకటి చేయమని వేరే లేఖ ఇవ్వాలి. పేరు, పుట్టిన తేదీ, పాన్ రెండింటిలోనూ కలిస్తేనే కలుపుతారు. పాత ఐడీకి పాన్ జతకాకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. ఏడాదికి వడ్డీ రూ.50,000 దాటితే, 60 ఏళ్లు నిండినవారికి రూ.1,00,000 దాటితే బ్యాంకు పన్ను కోస్తుంది. పాన్ ఉంటే 10 శాతం, లేకపోతే 20 శాతం. కాబట్టి ఈ ఐడీల పని ముందు పూర్తి చేసుకుని, ఆ తర్వాతే రసీదు అప్పగించండి.

మొబైల్ విషయంలో మన ఇళ్లలో జరిగేది ఒకటుంది. పెద్దవాళ్ల ఖాతాకు విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు నంబరు ఇచ్చి ఉంటారు. ఓటీపీ అక్కడికి పోతుంది, కౌంటరు దగ్గర ఇక్కడ నిలబడి ఫోన్ చేస్తూ ఉండగా గడువు నిమిషాలు అయిపోతాయి. డిపాజిట్ ఎవరిదో వాళ్ల సొంత నంబరే పెట్టండి. వాడకుండా 90 రోజులు వదిలేసిన సిమ్‌ను కంపెనీ రద్దు చేసి ఆ నంబరు మరొకరికి ఇచ్చేయవచ్చు, పాత నంబరు ఖాతాలో మిగిలిపోతే ఓటీపీలు వాళ్లకు పోతాయి. కొండ ఊళ్లలో సిగ్నల్ దొరకనివారు నెట్‌బ్యాంకింగ్ నమోదు, ఈ-మెయిల్ ధ్రువీకరణ రెండూ బ్రాంచిలో ఉన్నప్పుడే ముగించుకోండి.

బ్రాంచిలో ఏం చేయాలి

తీసుకెళ్లాల్సినవి: అసలు రసీదు, దాని రెండు వైపులా నకళ్లు రెండు, ఆధార్, పాన్ అసళ్లు, నకళ్లు, పాస్‌బుక్, ఒక ఫొటో, నమోదైన సిమ్ ఉన్న ఫోను. లేఖ రెండు ప్రతులు. లేఖలో ఉండాల్సిన మాటలు ఇవి, దీన్నే ఇంగ్లిషులోనో ఒడియాలోనో రాయించుకోండి:

“బ్రాంచి మేనేజరు గారికి. మీ బ్రాంచిలో నా పేరున ఉన్న డిపాజిట్ (ఖాతా నంబరు ……, రసీదు నంబరు ……, అసలు రూ. ……, గడువు తేదీ ……) కాగితం రసీదును ఈ లేఖతో అప్పగిస్తున్నాను. డిపాజిట్‌ను మూయకుండా, వడ్డీ రేటు, గడువు తేదీ, నామినీ వివరాలు మార్చకుండా, రసీదును ఎలక్ట్రానిక్ రూపంలో నా నమోదైన ఈ-మెయిల్‌కు పంపాలని, నా కస్టమర్ ఐడీ కింద నెట్‌బ్యాంకింగ్‌లో కనిపించేలా చేయాలని కోరుతున్నాను. రసీదు అందినట్లు రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేసి ఇవ్వగలరు.”

రసీదు వెనుక వైపు సంతకం చేయమన్నప్పుడు జాగ్రత్త. రెవెన్యూ స్టాంపు అంటించి వెనుక సంతకం పెడితే అది సొమ్ము ముట్టినట్టు. రూపం మార్పుకు అది అవసరం లేదు. తప్పదన్నప్పుడు స్టాంపు లేకుండా, సంతకం పైనే ‘ఎలక్ట్రానిక్ రూపంలోకి మార్చడానికి మాత్రమే’ అని రాసి సంతకం చేయండి. ముద్ర పడిన రెండో ప్రతి చేతికి రాకుండా అసలు రసీదు వదిలి రావద్దు. బ్రాంచి రసీదు మీద అడ్డంగా ‘రద్దు’ అని కొట్టి తన ఫైలులో పెట్టుకుంటుంది. దాన్ని చూసి డిపాజిట్ రద్దయిందని అనుకోనక్కర్లేదు.

కొన్ని బ్రాంచీలు రసీదు తిరిగి తీసుకోవు, ఈ-మెయిల్‌కు అడ్వైస్ పంపి కాగితం మీ దగ్గరే ఉంచుకోమంటాయి. అలాంటప్పుడు గడువునాడు సొమ్ము తీసుకోవడానికి ఆ కాగితం మళ్లీ అడుగుతారో లేదో అప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోండి. చాలా బ్యాంకుల్లో బ్రాంచిలో కాగితంతో తెరిచిన డిపాజిట్ నెట్‌బ్యాంకింగ్‌లో కనిపిస్తుంది కానీ అక్కడి నుంచి మూయడానికి కుదరదు.

ఇదే అవకాశంలో నామినీని కూడా చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టవచ్చు. ఒకేసారి వాటాలతో పెడితే శాతాలు కలిపి 100 రావాలి. లేదా ఒకరి తర్వాత ఒకరుగా వరుస పెట్టవచ్చు. దీనికి వేరే ఫారం, వేరే సంతకం. రూపం మార్పు లేఖలోనే కలిపేస్తే రెండూ ఆగుతాయి.

పత్రం వచ్చాక

ఈ-మెయిల్‌లో వచ్చే ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది. చాలావరకు పేరులోని మొదటి కొన్ని అక్షరాలు, పుట్టిన తేదీ కలిపి ఉంటుంది. పద్ధతి ఈ-మెయిల్‌లోనే రాసి ఉంటుంది. ఇక్కడే బెంకటరావు మళ్లీ ఎదురవుతాడు: బ్యాంకు రికార్డులో ‘బీ’తో ఉంటే పాస్‌వర్డ్ కూడా ‘బీ’తోనే మొదలవుతుంది. ఫైలు తెరవగానే ఇవన్నీ చూడండి: పేరు, ఖాతా నంబరు, అసలు, వడ్డీ రేటు, వేసిన తేదీ, గడువు తేదీ, గడువునాటి మొత్తం, వడ్డీ నెలనెలా వస్తుందా చివర్లోనా, ఉమ్మడి ఖాతా అయితే ఎవరు నడపవచ్చో, నామినేషన్ నమోదైందన్న మాట. వేసిన తేదీ దగ్గర ఈ వారం తేదీ కనిపిస్తే డిపాజిట్ మూసి మళ్లీ తెరిచారన్నమాట. అదే రోజు ముద్ర ఉన్న మీ లేఖ ప్రతితో మేనేజరును కలవండి. మీరు మూయమని అడగలేదని ఆ లేఖలోనే ఉంది.

డిజిటల్ సంతకం ఉన్న ఫైలులో ఒక్కోసారి పసుపు రంగు ప్రశ్న గుర్తు కనిపిస్తుంది. ఫోనులో, మామూలు బ్రౌజరులో తెరిస్తే సంతకాన్ని పరీక్షించే ఏర్పాటు ఉండదు. కంప్యూటర్లో పీడీఎఫ్ రీడరులో తెరిచి, సంతకం మీద నొక్కి పరీక్షించి, భారత ప్రభుత్వపు ధ్రువీకరణ మూలాన్ని నమ్మదగినదిగా పెడితే పచ్చగుర్తు వస్తుంది. ప్రింటు తీస్తే సంతకం పోతుంది, మిగిలేది బొమ్మే. కాబట్టి ఫైలు అసలు, ప్రింటు నకలు. చట్టం దృష్టిలో ఎలక్ట్రానిక్ రికార్డుకు 2000 నాటి ఐటీ చట్టం నుంచీ గుర్తింపు ఉంది. కోర్టులో పెట్టాల్సి వస్తే 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి. ఇతర అవసరాలకు బ్రాంచి ముద్ర ఉన్న స్టేట్‌మెంటు అడిగితే సరిపోతుంది.

పత్రాలు దాచుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ డిజిలాకర్‌లో పెట్టుకోవడం మంచిదే కానీ తేడా తెలుసుకోండి. సంస్థ నేరుగా జారీ చేసినట్టు అక్కడికి వచ్చిన పత్రానికే 2017 నుంచి అసలుతో సమానమైన విలువ. మీరు ఫోనులోంచి ఎక్కించుకున్నది భద్రపరచిన నకలే. ఫైలు ప్రతిని భార్యకో భర్తకో పంపి ఉంచండి, పాస్‌వర్డ్ పద్ధతి కూడా చెప్పండి. కాగితం బీరువాలో ఉన్నప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. ఫైలు ఒక్కరి ఫోనులో ఉంటే ఎవరికీ తెలియకుండా పోతుంది.

మామూలు దారిలో కుదరనివి

రసీదు పోయినా, చెదలు తిన్నా ముందు ఇండెమ్నిటీ బాండు (బ్యాంకుకు నష్టం వస్తే భరిస్తానన్న హామీ పత్రం) కావాలి. స్టాంపు కాగితం ఏ రాష్ట్రంలో బ్రాంచి ఉందో ఆ రాష్ట్రానిదే కొనండి. పర్లాకిమిడి బ్రాంచికి పాతపట్నంలో కొన్న స్టాంపు చూపితే తిప్పి పంపుతారు, నది దాటి వెళ్లిన పని రెండుసార్లవుతుంది. ముక్కలైనా మిగిలి ఉంటే పారేయకండి, రసీదు నంబరు కనిపించే ముక్క చాలా పని చేస్తుంది.

కాంట్రాక్టు పనికి సెక్యూరిటీగా ఇంజినీరు కార్యాలయంలో తాకట్టు పెట్టిన రసీదును ఆ కార్యాలయం విడుదల లేఖ ఇచ్చేదాకా మార్చరు. డిపాజిట్ మీద అప్పు తీసుకుంటే అప్పు తీరాలి. ఉమ్మడి డిపాజిట్‌లో ‘ఎవరైనా ఒకరు’ అని ఉన్నా, రూపం మార్పుకు ఇద్దరి సంతకాలూ పెట్టించడమే క్షేమం. మైనరు పేరున వేసింది, ఆ పిల్లవాడికి 18 నిండితే ముందు అతని సొంత కేవైసీ, సంతకం ఇవ్వాలి. స్వయం సహాయక బృందాలు, గుడి కమిటీలు తీర్మానం ప్రతి, ఇప్పటి సంతకందారుల వివరాలు తేవాలి. డిపాజిటరు చనిపోయి ఉంటే ఇది మార్పు దరఖాస్తు కాదు, క్లెయిమ్. అది వేరే ఫారం.

పోస్టాఫీసు సంగతి వేరు. 2016 నుంచి ఎన్‌ఎస్‌సీ (జాతీయ పొదుపు పత్రం), కేవీపీ (కిసాన్ వికాస్ పత్రం)లకు అచ్చు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు, పాస్‌బుక్ ఇస్తున్నారు. పోస్టల్ ఇంటర్నెట్ బ్యాంకింగ్ తీసుకుంటే తపాలా ఖాతాలు అందులో చూసుకోవచ్చు. ఇక ప్రాథమిక సహకార సంఘం ఇచ్చిన డిపాజిట్ రసీదుకు బ్యాంకుల్లో ఉన్న రూ.5 లక్షల డిపాజిట్ బీమా వర్తించదు. ప్రైవేటు కంపెనీల ‘బాండ్లు’ ఈ పద్ధతి కిందకు రావు.

మోసాల గురించి. బ్యాంకుల అసలు వెబ్‌సైట్లు ఇప్పుడు ‘బ్యాంక్ డాట్ ఇన్’తో ముగుస్తాయి. ‘మీ బాండు స్మార్ట్ పత్రంగా మార్చకపోతే రద్దవుతుంది’ అని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే, లేదా వాట్సాప్‌లో యాప్ ఫైలు పంపితే అది దొంగ పని. కాగితం రసీదు మార్చుకోలేదని ఏ బ్యాంకూ డిపాజిట్ రద్దు చేయదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైనకొద్దీ ఆపే వీలు తగ్గుతుంది.

బ్రాంచి దరఖాస్తు తీసుకోకపోయినా, తీసుకుని కదలకపోయినా బ్యాంకు ఫిర్యాదు విభాగానికి రాసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ‘సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఆర్గ్ డాట్ ఇన్’లో పెట్టవచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేసి వివరం అడగవచ్చు. ముద్ర ఉన్న లేఖ ప్రతి, బ్యాంకు ఫిర్యాదు నంబరు దానికి జతచేయాలి.

వెళ్లే ముందు సెలవులు చూసుకోండి. రజ పండుగకు పర్లాకిమిడిలో బ్యాంకు మూసి ఉంటుంది, పాతపట్నంలో తెరిచి ఉంటుంది. ఉగాదికి అటు మూత, ఇటు పని. రెండో, నాలుగో శనివారాలు రెండు వైపులా సెలవే.